బూట్లేసుకున్న అక్షరాలు

మా నాన్న ప్రెస్సులో ఇంగ్లీషు ‘ఆర్’లు రెండే ఉండేవి. చిన్న సైజుల్లో కావలసినన్ని ఉండేవి లెండి. నేను చెబుతున్నది నాలుగంగుళాల చెక్క అక్షరాల సంగతి. పోస్టరు పై వరసలో మూడో ‘ఆర్’ కావలసి వచ్చిందంటే మాటైనా మార్చాలి, బేరమైనా వదులుకోవాలి. ఇప్పుడు కీబోర్డు మీద ఒక మీట నొక్కి పట్టుకుంటే తెర నిండా ‘ఆర్’లు బారులు తీరతాయి. మాకు అక్షరమంటే వస్తువు. ఇంట్లో గిన్నెలూ చెంబుల్లాగా ఎన్నుంటే అన్నే. చుట్టాలు ఎక్కువ దిగితే పక్కింట్లోంచి కంచాలు తెచ్చుకున్నట్టు, మేమూ అవతలి వీధి ప్రెస్సుకి పరిగెత్తి, “మా నాన్నగారు ఒక ‘కె’ ఇమ్మన్నారండీ, సాయంత్రానికి కడిగి తెచ్చిస్తాం” అని చెప్పి, చొక్కా కింద దాచుకుని తెచ్చేవాళ్ళం. దాచుకోవడం ఎందుకంటే, మా దగ్గర ‘కె’ లేదని బజారుకి తెలియకూడదు.

మాది తెనాలి. బోసు రోడ్డుకి ఆనుకున్న సందులో రెండు గదుల పెంకుటింట్లో ప్రెస్సు, దాని వెనక మా కాపరం. ముందు గదిలో కాలితో తొక్కే ట్రెడిలు, మూలన పోస్టర్ల కోసం ఇనప హ్యాండ్ ప్రెస్సు. లోపలి గదిలో ఏటవాలుగా నిలబెట్టిన కేసులు. ఇంగ్లీషుకి రెండు కేసులుంటే పని జరిగిపోతుంది. తెలుగుకి అలా కాదు. గుణింతాలూ వత్తులూ జంటాక్షరాలూ కలిసి వందల గళ్ళు. కంపోజిటరు నిలబడితే ఎదురుగా కేసులు, కుడిపక్క కేసులు, ఎడంపక్క కేసులు. ఏ గడిలో ఏముందో ఎక్కడా రాసి ఉండేది కాదు. ‘క్ష్మి’ కావాలంటే కళ్ళు ప్రతి మీదే ఉండేవి, చెయ్యి తన దారిన తాను వెళ్ళి తెచ్చేది.

మా కంపోజిటరుని పిల్లలందరం తాతా అనేవాళ్ళం. ఎడం చేతిలో స్టిక్కు, బొటనవేలితో వరసని అదిమి పట్టుకుని, కుడిచేత్తో అక్షరాలు ఏరి పేర్చేవాడు. స్టిక్కులో అక్షరాలు అద్దంలో చూసినట్టు, తలకిందులుగా ఉంటాయి. తాత వాటిని గడగడా చదివేవాడు. మామూలు పేపరు చదవాలంటేనే తడుముకుంటాడని నాన్న ఆటపట్టించేవాడు. సాయంత్రం పని ముగించి కిరసనాయిలుతో చేతులు కడుక్కున్నాక మా అమ్మ ఆయనకి బెల్లం ముక్క ఇచ్చేది. సీసానికి విరుగుడని అప్పట్లో అందరి నమ్మకం. విరుగుడో కాదో గాని, దాని కోసం నేనూ చేతులు నల్లగా చేసుకుని వెళ్ళి వరసలో నిలబడేవాణ్ణి.

శుభలేఖలు, దశదినకర్మ కార్డులు, రైసు మిల్లుల రసీదు పుస్తకాలు, దుగ్గిరాల పసుపు వ్యాపారుల లెటరుహెడ్లు. కడుపు నింపింది ఇవి. నాన్న మీసం మెలేసింది మాత్రం నాటకాల పోస్టర్ల మీద.

తెనాలి నాటకాల ఊరని వేరే చెప్పక్కర్లేదు. కంట్రాక్టు నాటకాల రోజులవి. రాయబారం ఆడితే ఒకే రాత్రి ఒక కృష్ణుడు సరిపోడు. పడక సీనుకి ఒకరు, రాయబారం సీనుకి ఇంకొకరు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని పోస్టరులో వేయాలి. ఇద్దరి పేర్లూ ఒకే సైజులో ఉండాలి. ఒకటి పిసరంత చిన్నదైతే ఆ కృష్ణుడు రైలెక్కడని కంట్రాక్టరు భయం. ఇక్కడే మాకు చిక్కు. ఆనాటి పెద్ద నటుల పేర్లు చూడండి. రఘురామయ్యలో ‘రా’, ఆంజనేయరాజులో ‘రా’, సుబ్బారావులో ‘రా’. మా పెద్ద సైజు తెలుగు చెక్క అక్షరాల్లో ‘రా’ ఒకటే. ఆ సెట్టు మొత్తం ఒక వడ్రంగి చేత నాన్న చెక్కించుకున్నది. డబ్బులు అందినప్పుడు నాలుగు అక్షరాలు, అందనప్పుడు లేదు.

దీనికి తాత కనిపెట్టిన ఉపాయం ఇప్పటికీ నాకు ముచ్చటగా ఉంటుంది. మొదట ఒకటో కృష్ణుడి పేరు ఎర్ర ఇంకుతో అన్ని కాగితాల మీదా అచ్చు కొట్టేవాడు. అవి తాళ్ళ మీద ఆరేలోగా ఆ ‘రా’ని కిరసనాయిలుతో తుడిచి, రెండో కృష్ణుడి పేరులో పెట్టి, నీలం ఇంకుతో అవే కాగితాల మీద మళ్ళీ కొట్టేవాడు. డబుల్ క్రౌను కాగితం, 20 అంగుళాలు అడ్డం, 30 అంగుళాలు నిలువు. గోడ మీద అంటించాక జనం ఆగి చూసేవారు. “రెండు రంగుల పోస్టరేశారురా, ఈసారి కంపెనీ గట్టిదే” అనుకునేవారు. అక్షరాల కరువుకి వచ్చిన వైభోగమది.

ఇక ఇంగ్లీషు చెక్క అక్షరాలు. నేను నాలుగో తరగతిలో ఉండగా మద్రాసులో ఎవరో ప్రెస్సు మూసేస్తున్నారని తెలిసి నాన్న వెళ్ళి, ఒక గోనె సంచి నిండా కొనుక్కొచ్చాడు. తెనాలి స్టేషనులో పార్సిలు విడిపించి రిక్షాలో వేసుకుని తెస్తుంటే, అమ్మ అవి బియ్యమనుకుని వాకిట్లో ఎదురెళ్ళింది. సంచి విప్పి నేల మీద పోశాక ఆమె మొహం నాకింకా గుర్తుంది. వంటచెరుకు కొనుక్కురావడానికి మద్రాసు దాకా వెళ్ళారా అంది. చివరికి ఆవిడ మాటే నిజమైంది, కాని అది చాలా ఏళ్ళ తర్వాత.

నల్లగా, నూనె తాగి నున్నగా మెరుస్తూ, బరువుగా ఉండేవి. కొసలు సన్నగా తేలిపోకుండా, ప్రతి గీతకీ అడుగున పలకలాంటి మందపాటి పాదం. కొన్నిటికి ఆ పాదమే నిలువు గీత కంటే లావు. కొన్నిటి నడుముకి ముల్లులా పొడుచుకొచ్చిన సింగారం. తాత ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, “వీటికి బూట్లున్నాయయ్యా” అన్నాడు. అంతే, ఆ సెట్టుకి మా ప్రెస్సులో అదే పేరు పడిపోయింది. బూట్ల సెట్టు. తెలుగు అక్షరానికి తలకట్టుంది, దొరల అక్షరానికి బూట్లున్నాయి అని తాత వేళాకోళం. ఆలోచిస్తే అది వేళాకోళం కాదు. మన అక్షరం గుండ్రంగా దొర్లిపోతుంది, దానికి నిలబడే పాదమే లేదు. ఉన్న సింగారమంతా తల మీదే. అందుకే ఆ బూట్ల సొగసు తెలుగులోకి తెద్దామని నాన్న వడ్రంగితో ఒక ‘న’కి పీట చెక్కించి చూశాడు. చూడగానే అందరం నవ్వాం. ఉట్టి మీద కుండలా ఉండాల్సింది స్టూలెక్కి కూర్చున్నట్టుంది.

ఈ అక్షరాల పుట్టుపూర్వోత్తరాలు నాకప్పుడు తెలీవు. ఉద్యోగం విరమించాక పుస్తకాలు పట్టుకుని తెలుసుకున్నవే. వీటి పుట్టిల్లు ఇంగ్లండు. 1810ల్లో లండన్‌లో విన్సెంట్ ఫిగ్గిన్స్ అనే పోత అక్షరాల ఆసామి ‘యాంటిక్’ అని ఒకటి తెచ్చాడు. పుస్తకం లోపల చదువుకునే అక్షరం కాదది. వీధిలో నడిచిపోయేవాణ్ణి చెయ్యి పట్టుకుని ఆపే అక్షరం. నెపోలియన్ ఈజిప్టు మీదికి వెళ్ళొచ్చిన దరిమిలా యూరప్‌లో ఈజిప్టు మోజు నడుస్తోంది కదా, దాంతో ఈ జాతికి ‘ఈజిప్షియన్’ అన్న పేరు అతుక్కుంది. పిరమిడ్లకీ వీటికీ ఏ చుట్టరికమూ లేదు. బొంబాయి మొహం చూడకపోయినా బొంబాయి మిఠాయి అన్నట్టన్నమాట. 1821 నాటికి ఇంకొకరెవరో లావుండాల్సిన చోట సన్నంగా, సన్నంగా ఉండాల్సిన చోట లావుగా తిరగేసి ‘ఇటాలియన్’ అన్నారు. 1845లో రాబర్ట్ బెస్లీ ‘క్లారెండన్’ తెచ్చి, అప్పుడే కొత్తగా వచ్చిన చట్టం కింద మూడేళ్ళ హక్కు రాయించుకున్నాడు. గడువు తీరడమే తరువాయి, అందరూ దాన్ని అచ్చొత్తినట్టు దింపేశారు.

సీసంతో పెద్ద అక్షరాలు పోయడం కుదిరే పని కాదు. బరువు, ఖరీదు, పైగా చల్లారేటప్పుడు మొహం గుంటలు పడుతుంది. 1827లో న్యూయార్కులో డేరియస్ వెల్స్ చెక్కలో అక్షరాలు తొలిచే యంత్రం కనిపెట్టాడు, మరుసటేడే నమూనాల పుస్తకం వేశాడు. మేపుల్ కర్రని దుంగ అడ్డంగా కోసి, ఈనె పైకి వచ్చేలా పెట్టి, దాని మీద చెక్కడం. అలా కోసిన చెక్క ఎంత ఒత్తిడికైనా లొంగదు. బూట్ల సొగసు కర్రకి ఎందుకు అంతగా నప్పిందో మాకు వాడకంలోనే అర్థమైంది. సన్నకొసల అక్షరమైతే రెండు నాటకాలకే ముక్కు విరుగుతుంది. మందపాటి పాదమున్నది కింద పడినా లేచి నిలబడుతుంది. అన్నిసార్లూ కాదనుకోండి.

చెక్క అక్షరాలని పాయింట్లలో కాకుండా లైన్లలో కొలుస్తారు. ఒక లైనంటే ఒక పైకా, అంగుళంలో ఆరో వంతు. మా బూట్ల సెట్టు 24 లైన్లది. అమెరికాలో వీటిని చేసిన కంపెనీలు పెద్ద ‘ఏ’ అక్షరం పక్కన తమ పేరు ముద్ర కొట్టేవట. మా సంచిలో ఎంత వెతికినా ‘ఏ’ లేదు. మద్రాసులోనే పోయిందో, అంతకు ముందే పోయిందో. అందుచేత మా అక్షరాలకి కులగోత్రాలు తెలియకుండానే పోయాయి. ‘ఏ’ కావలసినప్పుడు తాత ‘వి’ని తలకిందులు చేసి, నడుమ ఒక ఇత్తడి రూలు ముక్క దూర్చేవాడు. ‘ఎమ్’ తిరగేస్తే ‘డబ్ల్యూ’. తెనాలిలో ఎవరూ పట్టుకోలేదు.

పట్టుకున్న తప్పులు మాత్రం తెలుగులోవే. ఒకసారి ‘సత్య హరిశ్చంద్ర’ పోస్టరు వచ్చింది. బలిజేపల్లివారి నాటకం, మూడొందల కాపీలు, ఎల్లుండికి కావాలి. పెద్ద సైజులో ‘శ్చం’ లేదు. అలాంటి అక్షరం కోసం ముందే డబ్బు పోసి చెక్కించుకునే ప్రెస్సు ఉంటుందా? లేనప్పుడు నాన్న పాత లినోలియం ముక్క మీద అక్షరం గీసి, బ్లేడుతో కోసి, చెక్కకి జిగురుతో అంటించి, ఎత్తు చాలకపోతే కింద పేపరు ముక్కలు పొరలు పొరలుగా వేసేవాడు. ఆ వేళ ఆయనకి జ్వరం. తాత ఆలోచించి, ఎవరు చూడొచ్చారులే అని ‘హరిచంద్ర’ అని కొట్టేశాడు. మర్నాడు కంట్రాక్టరు పోస్టరు చేత్తో పట్టుకుని వచ్చాడు. కోపంగా కూడా లేడు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళడిగి తాగి, “ఏమండీ, ఆయన రాజ్యం పోయినా పెళ్ళాం పోయినా అబద్ధమాడలేదు. చివరికి మీ ప్రెస్సులో ఆడించారే” అన్నాడు. నాన్న దుప్పటి కప్పుకునే లేచి, బొటనవేలంత ‘శ్’ లినోలియంలో కోసి, మూడొందల కాగితాల మీద ఆ ఒక్క అక్షరం విడిగా కొట్టించాడు. పక్క అక్షరాల మీదికి కాస్త ఎక్కింది గాని, హరిశ్చంద్రుడి మాట దక్కింది.

1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చింది. కృష్ణ, గుర్రాలు, టోపీలు. ఊళ్ళో కుర్రాళ్ళు మండుటెండలో తోలు బెల్టులు బిగించుకుని తిరిగేవారు. ఆ ఊపులో గంగానమ్మపేట వైపు కొత్తగా కుట్టుమిషను పెట్టుకున్న ఒకాయన వచ్చి, కౌబాయి ప్యాంట్లు కుడుతున్నానని పోస్టర్లు వేయించాలన్నాడు. “ఆ ఇంగ్లీషు గుర్రాల సినిమాల్లో ఉంటాయి చూడండి, దొంగని పట్టిస్తే ఇంత ఇస్తామని కాగితం అంటిస్తారు, ఆ అక్షరాలు కావాలండి” అన్నాడు. నాన్న ఒక్క మాట మాట్లాడకుండా లోపలికెళ్ళి బూట్ల సెట్టు పళ్ళెం తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ఆ క్షణంలో నాన్న మొహంలో కనిపించినంత తృప్తి నేను మళ్ళీ మా పెద్దక్క పెళ్ళిలో చూశాను. మద్రాసు బేరానికి అమ్మ పెట్టిన దెప్పులన్నీ ఆ రోజుతో చెల్లు.

పై వరసలో ‘టైలర్స్’ అని ఇంగ్లీషులో రావాలి. ‘ఏ’ సంగతి చెప్పాను కదా, బోర్లించిన ‘వి’. ‘ఆర్’ ఒకటి చాలు. నాకప్పటికి పదమూడేళ్ళు. పళ్ళెం మోసుకెళ్ళి స్టోను మీద పెట్టమన్నారు. స్టోనంటే ఫారం, అంటే పేర్చిన అక్షరాల చట్రం, బిగించే నాపరాతి బల్ల. గడప దాటేటప్పుడు చూపు వీధిలోకి పోయింది. ఎందుకు పోయిందో గుర్తు లేదు. పళ్ళెం ఒరిగి ‘ఆర్’ జారి, కుడికాలు బండ అంచుకి తగిలి పడింది. చప్పుడు పెద్దగా కూడా రాలేదు. తీసి చూస్తే, ముందుకు చాచిన ఆ కాలి కొసన బూటు మూలగా తెగిపోయింది. వేరుశనగ గింజంత ముక్క. దాని కోసం బల్ల కింద చీకటిదాకా వెతికాను, దొరకలేదు.

నాన్న కొట్టలేదు. కొడితే బాగుండేది. ఆ ‘ఆర్’ని వెలుగులోకి పెట్టి చూసి, “రెండోది వెయ్యండి” అని తాతతో అన్నాడు. రెండోది తీసి చూస్తే మొహం అరిగిపోయి ఉంది, మద్రాసులో ఎవరో వాడి వాడి వదిలినది. కింద ఎన్ని పేపరు పొరలు వేసినా నడుమ ఇంకు అంటడం లేదు. చివరికి తాత కుంటి ‘ఆర్’నే తీసుకుని, తెగిన చోట లక్క కరిగించి పోసి, చల్లారాక సమంగా గీకాడు. ఫారం బిగించి, రోలరుతో ఇంకు పూసి, మొదటి కాగితం తీస్తే కాలు చక్కగా వచ్చింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. పాతిక కాగితాలయ్యేసరికి లక్క ఊడి రోలరుకి అంటుకుంది. ఆ తర్వాత వచ్చినవన్నీ కుంటివే. కొన్ని రోజులపాటు తెనాలి గోడల మీద ఆ పోస్టర్లు ఎక్కడ కనిపించినా నేను ముందు ఆ కాలు చూసేవాణ్ణి. మంచి కాలున్న పాతికా ఏ గోడలకి వెళ్ళాయో తెలియదు. మారీసుపేటలో ఒకటి చూశానని గుర్తు.

ఆ ‘ఆర్’ ఒక్కటే కాదు, ప్రతి అక్షరానికీ ఒక గుర్తు. ‘ఎస్’ మెడ మీద పురుగు తొలిచిన బెజ్జం. రెండు ‘ఇ’ల్లో ఒకదానికి పై పెదవి చిట్లింది, రెండోదానికి ఏమీ కాలేదు. గోడ మీద పోస్టరు చూస్తే అది మా ప్రెస్సుదో పక్క ప్రెస్సుదో కింద పేరు చదవకుండానే చెప్పేవాళ్ళం. ముద్రించినవాడి పేరూ ఊరూ వేయాలన్నది 1867 నాటి చట్టం. మేమూ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో వేసేవాళ్ళం. మాకు మాత్రం ఆ వరసతో పని ఉండేది కాదు.

ఎన్నికలు వస్తే నెల రోజులు నిద్రలుండేవి కావు. ఎన్ని పార్టీలున్నా అన్నిటికీ కావలసిన మాట ఒక్కటే కాబట్టి, ‘ఓటు’ అన్న రెండక్షరాలూ కలిపి ఒకే దిమ్మగా నాన్న చెక్కించి పెట్టుకున్నాడు. జోడెడ్లకీ అదే, ఆవూ దూడకీ అదే, 1978లో హస్తానికీ అదే, 1983లో సైకిలుకీ అదే. పొద్దున ఒకరికి వాడింది మధ్యాహ్నం కడిగి వాళ్ళ ప్రత్యర్థికి పెట్టేవాళ్ళం. ఇన్ని పార్టీలకి పనిచేసి మాట పడనిది మా ఇంట్లో అదొక్కటే.

కాని 83 నాటికే పోస్టర్ల గాలి మారింది. రామారావు గారి బొమ్మ కావాలి, రంగుల్లో కావాలి. అక్షరం ఎంత బూట్లేసుకున్నా ఆ నవ్వు ముందు నిలబడదు. శివకాశి నుంచి ఆఫ్‌సెట్టులో కట్టలు కట్టలుగా దిగేవి. తర్వాత శుభలేఖలూ అటే పోయాయి. మాకు మిగిలింది వాటి వెనక పేర్లు కొట్టే పని. తొంభైల్లో కంప్యూటరు వచ్చింది. పేజ్‌మేకరు, అందులో అను అక్షరాలు, శ్రీలిపి అక్షరాలు. తాత ఒకరోజు బజార్లో డీటీపీ కొట్టు ముందు ఆగి, ఒక అమ్మాయి పది నిమిషాల్లో కరపత్రం కట్టడం చూసి వచ్చాడు. “శ్చం కూడా ఉందయ్యా” అన్నాడు నాన్నతో. ఇంకేమీ అనలేదు. తర్వాత రెండేళ్ళకి పని మానేశాడు.

సీసపు అక్షరాలు తూకానికి పోయాయి. పాత ఇనప సామాన్ల వాడు కేసులు ఒకదాని తర్వాత ఒకటి గోనెలోకి గుమ్మరిస్తుంటే, చినుకులు రేకు మీద పడ్డట్టు చప్పుడు. ట్రెడిలు కూడా వాడే ముక్కలు చేయించి తీసుకెళ్ళాడు. చెక్క అక్షరాలు వాడికి అక్కర్లేదు. కరిగితేనే కదా వాడికి లాభం. అవి దొడ్లో నీళ్ళ పొయ్యి పక్కన బుట్టలో ఉండిపోయాయి.

అప్పటికి నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. ఆ సంక్రాంతికి ఊరు వచ్చి, భోగి నాడు తెల్లవారుజామున బయటికి వచ్చేసరికి సందు మొగలో మంట లేచింది. పిల్లలు పిడకల దండలు వేస్తున్నారు. విరిగిన కుర్చీలు, తలుపు రెక్కలు, తాటాకులు. ఒక కుర్రాడు మా దొడ్లోంచి బుట్ట మోసుకొస్తున్నాడు. అమ్మే ఇచ్చిందట, పాత చెక్కలన్నీ ఇచ్చెయ్యాలి కదా ఈ రోజు. ఎన్నో ఏళ్ళు నూనె ఇంకు తాగిన కర్ర. వేయగానే భగ్గుమని అంటుకుని నల్లటి పొగ లేచింది. ముందు పూత కాలింది, తర్వాత కాసేపు ‘టి’, ‘ఎల్’, ‘ఓ’ ఎర్రగా నిప్పుల్లో నిలబడి కనిపించాయి, ‘ఎల్’ అద్దంలో చూసినట్టు ఎడమకి తిరిగి ఉంది. నాన్న శాలువా కప్పుకుని చేతులు కాచుకుంటున్నాడు. “నాన్నా, అవి...” అన్నాను. “ఉంటే ఎవరికిరా?” అన్నాడు, మంటలోంచి చూపు తిప్పకుండా. బుట్ట బోర్లించేటప్పుడు ఒకటి దొర్లి అవతల పడింది. తీసి జేబులో వేసుకున్నాను. ఇంటికొచ్చి దీపం దగ్గర చూసుకుంటే, అది కుంటి ‘ఆర్’.

ఈమధ్య మా అన్నయ్య కూతురు హైదరాబాదులో కాఫీ హోటలు పెట్టేవాళ్ళకి బోర్డులూ మెనూలూ గీసే పనిలో ఉంది. ఒకరోజు ల్యాప్‌టాపు తెచ్చి, “బాబాయ్, ఇవి చూడండి, మీ ప్రెస్సులోవాటిలా లేవూ?” అంది. నిజంగానే బూట్ల సెట్టు. వాటిలో ఒకటి, రోజ్‌వుడ్ అనేది, అడోబీ కంపెనీ 1994లో తీసింది. దానికి మూలం కనెక్టికట్‌లో విలియం పేజ్ 1874లో చేసిన చెక్క అక్షరాలట. లోపలి నకాషీ ఒక రంగు, నిండు భాగం ఒక రంగు, రెండు దిమ్మలతో రెండుసార్లు కొట్టేలా చేశాడు ఆయన. మేం కరువుకి చేసింది వాళ్ళు కలిమికి చేశారు. ఆ అక్షరాలు పుట్టిన చెక్కలు కూడా ఎక్కడో ఒక చలిమంటలో పోయే ఉంటాయని నాకొక అనుమానం.

తర్వాత ఇంకొకటి చూపించింది. అది కావాలని పాతబడ్డట్టు చేసినది. మెనూలో ఫిల్టరు కాఫీ 240 రూపాయలు, దాని మీద అక్షరాలన్నీ గీరుకుపోయి, ఇంకు అంటనట్టు మచ్చలతో ఉన్నాయి. చాలా బాగుంది, మొదట నేనూ మోసపోయాను. తర్వాత కళ్ళద్దాలు సవరించుకుని చూస్తే, కాఫీలో ఉన్న రెండు ‘ఇ’లకీ పై పెదవి ఒకేచోట చిట్లింది. వెన్నలోనూ అక్కడే, చీజులోనూ అక్కడే. “అమ్మడూ, ఇన్ని ‘ఇ’లు ఒకేసారి కింద పడ్డాయా?” అన్నాను. దానికి ముందు అర్థం కాలేదు, తర్వాత తల పట్టుకుని నవ్వింది. అది ఫాంటు బాబాయ్, ఒక్కటే గీస్తారు, అదే మళ్ళీ మళ్ళీ వస్తుంది అంది.

అప్పుడు బీరువాలోంచి ‘ఆర్’ తీసి దాని చేతిలో పెట్టాను. బరువు చూసి ఆశ్చర్యపోయింది. వాసన చూసింది. ఇంకా కిరసనాయిలు వాసనే. స్టాంపు ప్యాడు తెప్పించి, అద్ది, తెల్ల కాగితం మీద పెట్టి, మీద నిఘంటువు పెట్టి కూర్చుంది. తీస్తే నల్లటి ‘ఆర్’ వచ్చింది, కుడికాలు కొస తెగి. “ఈ కాలు ఏమైంది?” అంది. చెప్పాను. పదమూడేళ్ళ కుర్రాడు, గడప, లక్క, పాతిక కాగితాలు. విని, కాలు కంప్యూటర్లో బాగు చెయ్యమంటారా అని అడిగింది. వద్దన్నాను.

ఫోనుతో ఫొటో తీసుకుని కూర్చుని ఏదో చేసింది. ఒక్క అక్షరమున్న ఫాంటు. మిగతావన్నీ భోగి మంటలో ఉన్నాయి మరి. “ఏం టైపు చెయ్యమంటారు బాబాయ్? ‘ఆర్’ ఒక్కటే ఉంది” అంది. అంతలో దాని తమ్ముడు పక్కనుంచి చెయ్యి చాపి ఆ మీటే మూడుసార్లు కొట్టి, “రాజమౌళి సినిమా!” అని అరిచాడు. తెర మీద మూడు ‘ఆర్’లు పక్కపక్కన నిలబడ్డాయి. మూడూ నాలుగంగుళాల పొడుగు, మూడూ ఒకే కాలు కుంటుతూ. వాళ్ళిద్దరూ నవ్వుకుంటున్నారు. నేను మాత్రం ఆ పోస్టరు బేరం మా ప్రెస్సుకి వచ్చి ఉంటే తాత ఏం చేసేవాడా అని చూస్తూ కూర్చున్నాను. మా దగ్గర రెండే, అందులో ఒకదానికి మొహం లేదు. ఎర్ర ఇంకుతో ఒకసారి, తుడిచి నీలంతో ఒకసారి, మళ్ళీ తుడిచి ఇంకో రంగుతో ఇంకోసారి.